ఇద్దరు కొడుకుల గోలీలు

మా అక్క లచ్చమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సమ్మయ్య మహబూబాబాద్ మిర్చి మార్కెట్‌లో హమాలీ. చిన్నవాడు రాజేందర్ భూపాలపల్లి బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని చేస్తాడు. మా బావ పోయిన తర్వాత పెద్దమనుషులు కూర్చుని తల్లిని వంతులేశారు. రెండు నెలలు పెద్దకొడుకు ఇంట్లో, రెండు నెలలు చిన్నకొడుకు ఇంట్లో. అమావాస్య దాటిన మరునాడు వంతు మారుతుంది. ఎప్పుడూ కొడుకుల్లో ఎవరో ఒకరు దింపి వచ్చేవారు. ఈసారి మిర్చి సీజన్ కాబట్టి పెద్దవాడికీ, డ్యూటీ వల్ల చిన్నవాడికీ కుదరలేదు.

"మామా, నువ్వైతె ఖాళీగుంటవు గద. జర అమ్మను భూపాలపల్లిల దింపి రా" అని సమ్మయ్య ఫోన్ చేశాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. "అమ్మకు సోయి తప్పుతున్నది మామా. ఎవల్ని చూసి ఎవలనుకుంటదో తెల్వదు. తమ్ముడేమో, గిట్లుంటె మేం ఉంచుకోమంటుండు. వాడు ఒద్దంటె పంచాయితి పెట్టకు. హన్మకొండ బయట ఒక ముసలోళ్ల ఆశ్రమంల మాట్లాడి పెట్టిన. నువ్వు జనగామ పోయేటప్పుడు ఆడ దింపి పో."

అంటే నేను తీసుకెళ్లవలసింది ఒక మనిషిని, చేర్చవలసిన చోటు మాత్రం ఇంకా తేలలేదు.

నేను జనగామలో ఒక కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టి బతికినవాణ్ని. బడి నాలుగో తరగతితో అయిపోయింది. చదువు ఆ పొట్లాల కాగితాల మీదే వచ్చింది. సగం కథ చదివితే మిగతా సగం ఎవరింటికో పప్పుతో పాటు వెళ్లిపోయేది. ఆ మిగతా సగాల కోసమే గ్రంథాలయం మెట్లెక్కాను, ఇప్పటికీ దిగలేదు. ఎక్కడికి వెళ్లివచ్చినా రాసి గ్రంథాలయంలో నలుగురికి చదివి వినిపించడం అలవాటు. ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఆ దారిన పోయేవారికి పనికొస్తుందని ఇదీ రాస్తున్నాను.

అక్క జబ్బు గురించి ముందే చెప్పాలి. రెండేళ్లుగా ఆమెకు ఒంటేలు ఆగదు. వచ్చిందనిపించిన క్షణంలో లేవాలి. లేచి గడప దాటేలోపే చీర తడుస్తుంది. బయలుదేరే ముందు గ్రంథాలయంలో ఒక వైద్య గ్రంథం తీసి చదివాను. మూత్రాశయం కండరంతో చేసిన సంచి వంటిదట. అది నిండాక బిగుసుకోవాలి. ఈ జబ్బులో సగం నిండకముందే బిగుసుకుని తోసేస్తుంది. దానికిచ్చే గోలీలు ఆ కండరాన్ని వదులు చేస్తాయి, నోరు ఎండబెడతాయి, మలబద్ధకం తెస్తాయి. 'వృద్ధుల్లో జాగ్రత్త అవసరం' అని కూడా ఉంది కానీ ఏ జాగ్రత్తో రాయలేదు. నోరు ఎండుతుందన్నారు కదా అని పావుకిలో పటికబెల్లం కొనుక్కున్నాను. ఏ బస్టాండులో మరుగుదొడ్డి ఎటువైపు ఉంటుందో తెలిసినవాళ్లను అడిగి పెట్టుకున్నాను.

పొద్దున ఏడున్నరకు జనగామ స్టేషన్లో బండి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కాజీపేట దాటాక ఎదురుగా కూర్చున్న కేసముద్రం రైతు ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తోడు ఆడమనిషి లేకుంట ముసలామెను ఎట్ల తీస్కపోతవే? నడిమిట్ల ఒంటేలుకు వస్తె నువ్వు లోపటికి పోతవా?"

"ఎవరినైనా అడుగుతా" అన్నాను.

"అడుగు. ఆడోళ్లు నిన్ను సూసి సెప్పు తియ్యకపోతె మంచిదే" అని నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి సగం నాకిచ్చాడు.

మహబూబాబాద్‌లో దిగేసరికి పది దాటింది. ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని మానుకోట అనే అంటారు. మానుల మధ్య కట్టిన కోట కాబట్టి ఆ పేరని గ్రంథాలయంలో చదివాను. ఇప్పుడు స్టేషన్ దాటగానే మానులు కాదు, మిర్చి ఘాటు ఎదురొస్తుంది. ఆటోలో కూర్చున్నవాళ్లందరం తుమ్ముతూనే మార్కెట్ వెనక బస్తీకి చేరాం.

అక్క గోడకానుకుని చాప మీద కూర్చుని ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. లోపలికి వెళ్లగానే, "కాళ్లు కడుక్కో బాపూ, కల్లం నుంచి ఇప్పుడే వస్తివి" అంది. నన్ను మా నాన్న అనుకుంది. బాపు పోయి నలభై ఏళ్లయింది. అక్క నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట ముద్దగా వస్తోంది. చేతివేళ్లతో చీర మీంచి ఏదో ఏరి పక్కన పారేస్తోంది. ఏమిటంటే చీమలంది. చీర మీద చీమలు లేవు.

పెద్దకోడలు సువర్ణ అన్నం, పచ్చిపులుసు పెట్టింది. మార్కెట్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లవలసిన మనిషి, మా కోసం ఆగిపోయింది. వేళ్లు మంటకు ఎర్రగా వాచి ఉన్నాయి.

"నన్ను రాక్షసి అనుకోకు మామా" అంది నేనేమీ అనకముందే. "పోయిన వంతంత దినాం రెండు బొంతలు, నాలుగు చీరెలు పిండిన. గీ మంట చేతులతోని. ఈ వంతు షురువులనే మా గల్లీ ఆర్ఎంపీని అడిగితె గోలి రాసిచ్చిండు. ఏసినకాడ్నుంచి మంచం ఎండి ఉంటున్నది. గని గప్పటి నుంచే మనిషి గిట్ల మారింది. వయసు మీద వడ్డది, ఏం జేస్తం?"

వయసు మీద పడితే మెదడు కుంచించుకుపోతుందని నేను చదివిన మాట ఆమెకు చెప్పాను. ఆమె తలూపింది. బయలుదేరే ముందు అక్కకు ఆ గోలీ వేసి, మిర్చి ఘాటుకు ముక్కు కారుతోందని జలుబు గోలీ కూడా వేసింది. "బస్సుల ఇజ్జత్ పోవద్దు" అంది. అక్క వాటిని మింగుతుంటే సగం నీళ్లు గొంతుకు అడ్డంపడ్డాయి. తర్వాత తన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, అందులో చెయ్యి పెట్టి ఏదో తడుముకుంటూ కూర్చుంది. సంచి ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

పన్నెండున్నరకు నర్సంపేట బస్సు. బస్టాండులో మరుగుదొడ్డి లోపలి మూలన ఉంది. కాపలా ఉన్న ఆమెను బతిమాలితే అక్కను తీసుకెళ్లింది. చాలాసేపటికి వచ్చి, "రాలేదంట" అంది. సంతోషించాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ అక్కకు జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఈ దారిలో సీటు దొరకడం గగనం. డ్రైవర్ వెనక రెండు సీట్లు దొరికాయి. ముసలివాళ్లతో వెళ్లేవారు అక్కడే కూర్చోండి, కుదుపు తక్కువ.

గూడూరులో ఒక లంబాడీ ఆమె ఎక్కింది. పక్క తండా ఆమె. నర్సంపేటలో కూతురి కాన్పు చూడటానికి వెళ్తోంది. ఫోన్లో తమ వాళ్లతో తమ భాషలో గట్టిగా మాట్లాడి, పెట్టేసి, నేను లేచి ఇచ్చిన సీట్లో అక్క పక్కన కూర్చుంది. కాసేపటికే అక్క తల ఆమె భుజం మీద పడింది. నేను నిలబడి పటికబెల్లం ముక్క అందిస్తే అక్క నోట్లో పెట్టుకుంది కానీ అది కరగలేదు. కరిగించే ఉమ్మి ఆ నోట్లో లేదు.

"నీళ్లు తాపియ్యి బాపూ" అంది లంబాడీ ఆమె.

"వద్దంటోంది."

"అనదా మరి? మేము సుత గూడూరుల ఎక్కితె నర్సంపేటల దిగేదాక నీళ్లు ముట్టం. మీ మొగోళ్లకేంది, చెట్టు దొరికితె సాలు."

ముందు సీట్లో కుర్రాళ్లు నవ్వారు. ఆమె వాళ్ల వైపు చూసి, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. మీ అవ్వలు ఎట్ల వస్తున్నరో ఇంటికి పోయి అడుగుండ్రి" అంది. నవ్వు ఆగిపోయింది.

రెండు దాటాక నర్సంపేట. కేసముద్రం రైతు చెప్పిన మాట గుర్తుకొచ్చి భయపడుతూనే అడిగాను. ఆమె చెప్పు తియ్యలేదు. అక్క చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డికి నడిపించింది. నేను బయట ఇద్దరి సంచులూ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు తిరిగి వచ్చేసరికి ములుగు బస్సు హారన్ కొడుతోంది.

"కూసుంటది, లేస్తది, మళ్ల కూసుంటది. ఒక్క సుక్క రాలే" అని చెప్పి ఆమె ఆసుపత్రి దారి పట్టింది.

బయలుదేరినప్పటి నుంచి రెండుసార్లు ప్రయత్నం, ఒక్కసారీ రాలేదు. గోలీ బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకున్నాను. మూత్రాశయ కండరం వదులైంది, పుస్తకంలో చెప్పినట్టే. ఇలా పొడిగా చేరుస్తే రాజేందర్ కాదనడని కూడా అనుకున్నాను.

మల్లంపల్లి దాటేసరికి అక్క తీరు మారింది. కూర్చోలేకపోతోంది. ముందుకు వంగి రెండు చేతులూ పొత్తికడుపు కింద పెట్టుకుని మూలుగుతోంది. "చేన్ల గొడ్లు పడ్డయి, గొడ్లు పడ్డయి, కొట్టుండ్రి" అని కేకలు. ములుగులో బస్సు మారేటప్పుడు ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. భూపాలపల్లి బస్సులో కండక్టర్ ఆడమనిషి. జంగాలపల్లి మలుపు దగ్గర అక్క కూర్చున్న సీటు తడిసింది. ధార కాదు, కొంచెం కొంచెంగా కారుతోంది.

"ఏందయ్యా గిది? గిసొంటోళ్లను బస్సెక్కిస్తరా?" అన్నాడు వెనక నిలబడ్డ ఒకతను. ఇంకెవరో దయ్యం పట్టిందన్నారు. చీర కొంగు ముక్కుకు పెట్టుకున్నారు ఒకరిద్దరు.

కండక్టర్ టికెట్ల మిషన్ భుజానికి తోసుకుని వచ్చింది. ఎవరి చేతిలోదో పేపరు లాక్కుని అక్క కింద పరిచింది. "ఎవలింట్ల లేరు ముసలోళ్లు? మీకు ముసలితనం రాదా? నోరు మూసుకొని నిలవడుండ్రి" అంది. తర్వాత నాతో మెల్లగా, "కాకా, పెద్దమ్మకు నొప్పి ఉన్నట్టుంది. భూపాలపల్లిల దిగంగనే సీదా దవాఖానకు పో" అని చెప్పింది.

గణపురం మీదుగా వెళ్తున్నాం. అక్కడి కాకతీయుల నాటి గుళ్ల గురించి ఎన్నో చదివాను. ఎప్పటికైనా దిగి చూడాలని అనుకున్న ఊరు. బస్సు ఆగింది, కదిలింది. నేను కిటికీలోంచి అటు చూడను కూడా లేదు.

ఆరింటికి భూపాలపల్లి బస్టాండు. రాజేందర్, భార్య కవిత వచ్చి ఉన్నారు. తల్లి దిగుతున్న తీరు చూడగానే రాజేందర్ ముఖం మాడిపోయింది.

"మామా, నేను ముందే చెప్పిన అన్నకు. గీ హాలత్‌ల నా ఇంటికి తేవద్దని."

"ఇంటికి కాదు, ముందు దవాఖానకు పద" అన్నాను.

అక్క అప్పుడే కడుపు పట్టుకుని నేల మీద కూలబడింది. రాజేందర్ ఆటో పిలిచాడు.

సర్కారు దవాఖానలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. అక్క పొత్తికడుపు మీద చెయ్యి పెట్టగానే నర్సును పిలిచింది. పైపు వేశారు. మంచానికి కట్టిన సంచి చూస్తుండగానే నిండింది, మార్చారు, మళ్లీ నిండసాగింది. అక్క మూలుగు ఆగిపోయి నిద్రలోకి జారుకుంది. ఆగని ఒంటేలుతో రెండేళ్లు బాధపడిన మనిషి, ఒంటేలు రాక చచ్చిపోయే దాకా వచ్చిందని నాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది. సీటు మీద కారింది నిండి పొర్లినదట.

"ఏమేం మందులు వాడుతోంది?" అని డాక్టరమ్మ అడిగింది. సువర్ణ కట్టిచ్చిన గోలీలు చూపించాను. అప్పుడు కవిత, "మేం కూడా ఒక గోలి ఇప్పిచ్చినం మేడం, పోయిన వంతుల. మూడు నెల్లకు సరిపోను తెచ్చినం" అంది. అక్క నిద్రలో ఉండగా చేతిసంచి విప్పితే అడుగున అవి దొరికాయి. చాలావరకు ఖాళీ అయిన అట్టలు. డాక్టరమ్మ రెండిళ్ల గోలీల అట్టలూ వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చూపించింది. పైన పేర్లు వేరు, రంగులు వేరు. వెనక మందు పేరు ఒకటే.

"ఈ మందు చెడ్డది కాదు. చాలామందికి ఒక్క గోలీతో మంచిగ గుణమొస్తది. కానీ ఈమె వయసుకు ఇది రెండింతలు పడింది, పైన జలుబు గోలీ తోడైంది. అందుకే మూత్రం బిగిసింది. ఈ మతితప్పుడు కూడా చాలామటుకు దీనివల్లే కావొచ్చు. అన్నీ ఆపి చూద్దాం" అంది.

నేను వరండాలో బెంచీ మీద పడుకున్నాను. ఆసుపత్రి ఎదురుగా టిఫిన్ బండి ఉంది, ఇడ్లీ బాగుంటుంది. భోజనానికి బస్టాండు దాకా నడవాలి. రోగితో వచ్చేవాళ్లు దుప్పటి తెచ్చుకోవాలి, బొగ్గు దుమ్ము తెల్లారేసరికి ముఖం మీద పేరుకుంటుంది.

మర్నాడు పైపు తీశారు. అక్క లేచి వెళ్లి వచ్చింది, నర్సు పక్కన ఉండగా. ఆ తర్వాతి రోజు పొద్దున నేను చాయ్ తీసుకుని లోపలికి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"తమ్మీ, గిది భూపాలపల్లి గద? నువ్వెప్పుడొచ్చినవ్‌రా? గట్ల చిక్కినవేంది?"

నేను చాయ్ కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె వేళ్లు చీర మీద చీమలు ఏరడం లేదు.

గోలీల సంగతి మెల్లగా అడిగాను. రెండూ ఎందుకు వేసుకున్నావని.

"పెద్దోడు ఇప్పిచ్చింది ఏసుకొని చిన్నోడు ఇప్పిచ్చింది పారేస్తె వాడు చిన్నబోడా? ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే గదరా" అంది. "సువర్ణకు చెప్పొద్దా మరి?" అంటే కోపంగా చూసింది. "ఒక కోడలింట్ల ముచ్చట ఇంకో కోడలింట్ల చెప్పుతరా? వంతుల తిరిగే ముసల్ది నోరు మూసుకుంటెనే బువ్వ దొరుకుతది."

నిజానికి మా వైపు వంతుల మీద తిరిగే ముసలివాళ్లంతా అలాగే ఉంటారు. ఒక ఇంట్లో తిన్నది ఇంకో ఇంట్లో చెప్పరు. ఆ మౌనమే వాళ్లకు మర్యాద. అట్టలు సంచి అడుగున దాగింది అందుకే.

డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాటలు అందరి ముందూ రాజేందర్‌కు మళ్లీ చెప్పాను. ఈ గోలీలు ప్రస్తుతానికి వద్దు. వేరే రకం మందు ఉంది, అది మతి మీద ఇంతగా పనిచెయ్యదు. కానీ దానికి బీపీ అదుపులో ఉండాలి, అక్కకు ఎక్కువగా ఉంది. రెండు వారాలు బీపీ మందు వాడి మళ్లీ రావాలి. అప్పటిదాకా రెండేసి గంటలకు లేపి కూర్చోబెట్టాలి, చాయ్ తగ్గించాలి, నీళ్లు మాత్రం మానకూడదు.

రాజేందర్ ఇల్లు రెండు గదులు. నల్లా రెండు రోజులకోసారి వస్తుంది. డ్రమ్ములు వాకిట్లో వరసగా పెట్టుకున్నారు. మొదటి రాత్రే అక్క మంచం తడిసింది. పొద్దున కవిత బొంత తీసి వాకిట్లో వేసింది. డ్రమ్ములో నీళ్లు ఎంతున్నాయో వంగి చూసింది.

"మామా, నేను బట్టల దుకాణంల పనికి పోతె రెండు గంటలకోసారి ఎవలు లేపాలె?" అని అడిగింది. అది తగవు కాదు, ప్రశ్నే.

రాజేందర్ చెప్పులేసుకుంటూ, "సోయైతె వచ్చింది గద. పదిహేను దినాలు చూస్తం. గిట్లనే ఉంటె ఆశ్రమం ముచ్చట మళ్ల మాట్లాడుకుందాం" అన్నాడు. తలుపు వెనక మంచంలో అక్క కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి హన్మకొండ బస్సు ఎక్కాను. చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, బొగ్గు లారీలు, రోడ్డుకు రెండు వైపులా నల్లటి ఆకులు. రేగొండ దాటాక ఫోన్ మోగింది. కవిత.

"మామా, ఫికర్ చెయ్యకుండ్రి. అత్తమ్మ మీరు పోయినకాడ్నుంచి మంచిగ పండుకొని ఇప్పుడే లేచింది. మంచం ఎండి ఉన్నది."

వెంటనే అడిగాను. "గోలీ ఇచ్చావా?"

"అత్తమ్మనే అడిగింది మామా. బతిలాడింది. పొద్దుగాల మందుల షాపుల పాత అట్ట చూపిస్తె ఇచ్చిండ్రు. ఒక్కటే ఇచ్చిన. పోయిన వంతుల సుత ఒక్కటే ఏసుకున్నది గద, ఏం కాలే" అంది. గొంతులో భయం ఉంది, కొంచెం నిశ్చింత కూడా.

ఫోన్ అక్కకు ఇవ్వమన్నాను. బస్సు చప్పుడులో ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాను.

"ఎందుకు అడిగావక్కా? డాక్టరమ్మ వద్దన్నది కదా?"

"సోయి ఉంటె ఏం జేస్త తమ్మీ?" మాట స్పష్టంగా ఉంది. "మంచం తడిసిందని కోడలు మొకం ముడుసుకునుడు కనవడ్తది. కొడుకు ఆశ్రమం ముచ్చట మాట్లాడుడు ఇనవడ్తది. గోలి ఏసుకుంటె రెండు బాధలు లెవ్వు. ఎండి ఉన్న ముసల్దాన్ని ఎవలు ఎల్లగొట్టరు."

"జనగామ రా అక్కా. నా గదిలో ఉందువు గానీ."

"ఇద్దరు కొడుకులుండంగ తమ్ముని ఇంట్ల సస్తె వాండ్ల ఇజ్జత్ ఏముంటది? నువ్వు మళ్ల రాకు. నువ్వొస్తె తీస్కపోను వచ్చిండని వాండ్లకు ఆశైతది."

"పరకాలలో దిగి వెనక్కి వస్తున్నా."

"వద్దన్న గద." చిన్నప్పుడు నన్ను అదిలించిన గొంతే అది. "నేను సోయి ఉండంగనే చెప్తున్న, యాదుంచుకో. గిది నా ముచ్చట." పెట్టేసింది.

పరకాల బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. దిగాను. భూపాలపల్లి బస్సు ఎదురుగానే నిలబడి ఉంది, తలుపు తెరిచి. కండక్టర్ ఊరి పేరు అరుస్తున్నాడు. దాని దగ్గరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. వెళ్లవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. వెళ్లి ఏం చేసేవాణ్నో మాత్రం తెలియదు.

హన్మకొండలో ఐదింటికి జనగామ బస్సు మారాను. కిటికీలోంచి ఆడవాళ్లను చూస్తూ కూర్చున్నాను. బస్టాండు నిండా ఉన్నారు, చేతుల్లో సీసాలున్నాయి, తాగేవాళ్లు మాత్రం కనిపించలేదు.

ఈ దారిన పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను చెప్పగలిగేది ఇది. బయలుదేరే ముందు వాళ్ల సంచి అడుగుదాకా విప్పి చూడండి. ఏ ఇంటి గోలీ అయినా, ఏ జలుబు గోలీ అయినా, అన్నీ ఒకే కవర్లో వేసి ఒకే డాక్టరుకు చూపించండి. ముసలామె గంటల తరబడి ఒంటేలు అడగకపోతే నాలాగా సంతోషించకండి. దారిలో సాయం అడగడానికి సిగ్గుపడకండి. గూడూరు నుంచి వచ్చిన ఆమె పేరు కూడా నేను అడగలేదు. తక్కినదానికి, అంటే అక్క ఫోన్లో అన్న మాటకు, ఏ జాగ్రత్త చెప్పాలో నాకు తోచడం లేదు.

జనగామలో దిగేసరికి ఏడు దాటింది. బస్టాండులోనే నిలబడి మళ్లీ ఫోన్ చేశాను. కవిత ఎత్తింది.

"మీతోని మాట్లాడి పండుకున్నది మామా, ఇంకా లేవలే."

"ఒకసారి లేపు బిడ్డా. లేపి, నా పేరేందో అడుగు."

"నిద్రపోతున్న మనిషిని లేపి పేర్లు అడుగుతరా మామా?" అని నవ్వింది. అలసిపోయిన నవ్వు. "పొద్దుగాల అడుగుత తియ్యి."

లేపమని ఇంకోసారి అన్నాను. అప్పటికే ఫోన్ కట్టయింది.